కుంభరాశికి మాలిక్ ఎవరు?

పోయిన మంగళవారం బడిలో మూడో పీరియడ్ నడుస్తుండగా అటెండర్ వచ్చి ఆఫీసు రూములో నాకు ఫోన్ ఉందన్నాడు. ఆర్మూర్ నుంచి దర్జీ చాచా. ఒకప్పుడు మేము కిరాయికున్న ఇంటి పక్క దుకాణం ఆయనది. ఎస్టీడీ బూతు బయట లారీల మోతలో ఆయన గొంతు సగమే వినబడుతోంది.

"టీచరమ్మా, అయ్యగారు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండు. జర సేపు ఒరుగుతనన్నడు. గంతే, మళ్ల లేవలే."

క్లాసులో పిల్లలు గోల చేస్తున్నారు. నేను ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా దాని మీద చెయ్యి తీయలేదట. అటెండర్ చెప్పాడు.

జగిత్యాల నుంచి బస్సు పట్టుకుని నేను చేరేసరికి అంతా అయిపోయింది. నిజామాబాద్‌లో ఉండే ఆయన కూతురూ అల్లుడూ వచ్చి జరపవలసింది జరిపారు. ముందు గదిలో షాబాదు బండలు కడిగి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు. ఆ బండల మీద సుద్దముక్కతో ఆయన ఎన్ని జాతకచక్రాలు గీశాడో లెక్కలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. ఇంటి ఓనరు. ఊరికి మాత్రం జాతకాలు చూసే అయ్యగారు. బోరు ఎప్పుడు వేయాలి, పసుపు విత్తనం ఏ రోజు పెట్టాలి, పిల్ల పెళ్లి ఏ లగ్నానికి చేయాలి, అన్నిటికీ చుట్టుపక్కల రైతులు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. నాకు జ్యోతిష్యం మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ తాను చెప్పిన మాట ఎవరింట్లో ఏం చేసిందో చూద్దామని కాళ్లరిగేలా తిరిగిన మనిషిని ఆయనను తప్ప నేనింకొకరిని చూడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎనభైల మొదట్లో నాకు ఆర్మూర్ బడిలో ఇంగ్లీషు టీచరుగా పోస్టింగ్ వచ్చింది. అమ్మా నేనూ ఇల్లు వెతుక్కుంటూ ఆయన గుమ్మం ముందు నిలబడ్డాం. కులమేంది, ఎంతమంది ఉంటారు, నీళ్లు ఎక్కువ వాడతారా అని అప్పటికి నాలుగిళ్ల వాళ్లు అడిగారు. ఈయన కళ్లజోడు పైకి జరుపుకుని ఒకటే అడిగాడు.

"ఇంగ్లీషు సదువుతవా, సదివి సమజ్ చేపిస్తవా?"

"సమజ్ చేపించుడే నా నౌకరీ అయ్యగారూ."

"అయితే రేపే సామాన్లు తెచ్చుకోండ్రి."

ఎందుకలా అడిగాడో ఆ వారమే తెలిసింది. ఆయన దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది. బాల్కొండ దిక్కు ఒక ఊరి పసుపు రైతు కొడుకు, గంగారాం అని, గల్ఫ్‌లో కట్టుబడి పని చేసేవాడు. వాళ్ల క్యాంపులో ఒక తెల్ల ఇంజినీరు గది ఖాళీ చేసి పోతూ వదిలేసిన పుస్తకాన్ని, రాశుల బొమ్మలు చూసి, అయ్యగారికి పనికొస్తుందని లీవులో వచ్చినప్పుడు పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. పాశ్చాత్యుల జ్యోతిష్యం అది. చివర్లో చైనావాళ్ల పద్ధతి మీద కూడా ఒక పెద్ద అధ్యాయం ఉంది. అయ్యగారికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అంతకుమించి రాదు. పుస్తకం నెలల తరబడి గూట్లో పడి ఉంది.

సాయంత్రాలు బడి నుంచి వచ్చాక నేను ఒక్కో పేజీ చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన బ్లేడుతో పెన్సిలు చెక్కుకుంటూ వినేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, అది చల్లారిపోయినా తాగకుండా వినేవాడు. నేను ఊరికే తలాడిస్తూ చదివితే ఊరుకునేవాడు కాదు. "తలకాయ ఊపకు టీచరమ్మా. యాడ నీకు సమజ్ కాలేదో గాడ ఆగు" అనేవాడు.

ఒకరోజు నాకే తెలియడం కోసం సుద్దముక్క తీసుకుని బండ మీద పన్నెండు గళ్లు గీశాడు.

"సూడు. సింహం సూర్యునిది, కర్కాటకం చంద్రునిది. రాజు, రాణి పక్కపక్కన. ఆళ్లకు అటొకటి ఇటొకటి బుధునికి. ఆ తర్వాత అటొకటి ఇటొకటి శుక్రునికి. గట్లనే కుజుడు, గురువు. ఆఖరికి అందరికన్న దూరంగ, రాజుకు ఎదురుంగ, మకరం కుంభం రెండూ శనికి. ఏడుగురు మాలిక్‌లు, పన్నెండు ఇండ్లు. ఎంత సాఫ్‌గ ఉన్నదో సూసినవా?"

నిజంగానే అందంగా ఉంది. నమ్మని నాకే ముచ్చటేసింది.

ఆ తర్వాతి వారమే ఆ పేజీ వచ్చింది. రెండు వందల ఏళ్ల కింద దుర్భిణిలో యురేనస్ అనే కొత్త గ్రహం కనబడ్డాక, పాశ్చాత్య జ్యోతిష్కులు కుంభరాశిని శని దగ్గర తీసేసి దానికి ఇచ్చారట. తర్వాత నెప్ట్యూన్ కనబడితే మీనాన్ని గురువు నుంచి తీసి దానికి, ప్లూటో కనబడితే వృశ్చికాన్ని కుజుని నుంచి తీసి దానికి. నేను చదివి చెప్పాను. ఆయన చేతిలో పెన్సిలు ఆగింది.

"మళ్ల సదువు."

చదివాను.

"ఇంకోసారి."

మూడోసారి చదివాక లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. "ఎవలను అడిగి మార్చిండ్రు? కుంభంల పుట్టినోళ్లకు అందరికీ శని ఇట్ల చేస్తడు, అట్ల చేస్తడు అని మా నాయన చెప్పిండు, నేను చెప్పిన. గాడ వాళ్లు శని లేనే లేడంటున్నరు. ఇంటి మీద పేరు మారిస్తే లోపల ఉన్నోళ్లు మారుతరా?"

"తెల్లవాళ్ల పుస్తకం కదా అయ్యగారూ, వదిలేయండి" అన్నాను.

"వాళ్లది తప్పయితే ఎందుకు తప్పో నేను చెప్పాలె. నాది తప్పయితే..." అని ఆగిపోయాడు.

చైనా అధ్యాయం ఇంకో రకం. అక్కడ రాశులకు బదులు ఎలుక, ఎద్దు, పులి అని పన్నెండు జంతువులు. గురువు ఆకాశం చుట్టి రావడానికి దగ్గర దగ్గర పన్నెండేళ్లు పడుతుంది కాబట్టి ఏడాదికొక జంతువు. సూర్యచంద్రులకు అసలు ఇల్లే లేదు. అయిదు గ్రహాలకు అయిదు తత్వాలు: గురువు కట్టె, కుజుడు నిప్పు, శుక్రుడు లోహం, బుధుడు నీరు, శని మట్టి. మిగతా వాటికి రెండేసి జంతువులైతే మట్టికి నాలుగు. శని దూరంగా చలిలో కూర్చున్నవాడు కాదు. నట్టనడుమ ఉన్నవాడు. ఆయన రంగు పసుపు.

ఆ మాట చెప్పగానే అయ్యగారు పకపక నవ్వాడు. బయట రోడ్డు మీద మార్కెట్‌కు పోయే పసుపు బస్తాల బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. "మన దగ్గర నల్లటోడు, నూనె పోస్తే గాని ఊకోడు. గాడ పచ్చటోడా! అట్లయితే ఈ ఊరు ఊరంత శనిదే గదా టీచరమ్మా!"

నవ్వయితే నవ్వాడు గాని ఆ రోజు నుంచి ఆయనకు స్థిమితం లేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేవాడు. శని గురించి ఎవరైనా అడిగితే "రేపు రాండ్రి" అనేవాడు. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. అప్పటికే ఆయన ఒక ఇంటివాళ్లకు ఒక మాట చెప్పి ఉన్నాడు.

పుస్తకం తెచ్చిన గంగారాం లీవు అయిపోయి గల్ఫ్‌కు తిరిగి వెళ్లాక అతని భార్య రాధ నెల తప్పిందని తెలిసింది. కాన్పు దగ్గర పడుతుందనగా గంగారాం తల్లి వచ్చి అయ్యగారికి కొడుకు జాతకం చూపించింది. గంగారాంకు ఏలినాటి శని నడుస్తోంది. చంద్రుడు శని ఇళ్లలో, అంటే మకర కుంభాల్లో, ఉన్న నాలుగైదు రోజుల్లో బిడ్డ పుడితే తండ్రికి గండం అని అయ్యగారు చెప్పాడు. తన తండ్రి చెప్పినట్టే, ఎప్పుడూ చెప్పినట్టే. ఆమె ఆ రోజులు కాగితం మీద రాయించుకుని కొంగున కట్టుకుని పోయింది.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. నేను ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు దవాఖాన నుంచి నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అయ్యగారూ, డాక్టరమ్మ మిమ్మల్ని జల్ది రమ్మన్నది. గంగారాం పెండ్లాం కాన్పుకొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ చెయ్యాలె. అత్త చెయ్యనిస్తలేదు."

అయ్యగారి ముఖం ఎలా పాలిపోయిందో ఇప్పటికీ గుర్తుంది. పంచాంగం తీయలేదు. ఆ రోజులు ఆయనకు నోటికే తెలుసు.

నేనూ వెంట నడిచాను. దారిలో నేనే అన్నాను: "అయ్యగారూ, ఇప్పుడే మంచి గడియ ఉందని ఒక్క మాట అనండి. అంతే. ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకుని కాగితం మీద వేలుముద్ర వేసేస్తుంది."

ఆయన నడక వేగం పెంచాడు. దవాఖాన గేటు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాడు. "గట్లంటే ఇయ్యాల ఎల్లిపోతది. రేపు ఇంకో ఆడిబిడ్డ కాన్పుకు గిదే శని అడ్డం నిలవడ్తడు. గప్పుడు నన్ను పిల్శెటోళ్లు ఉంటరో లేదో."

లోపల వరండాలో ఆపరేషన్ గది తలుపు ఒక రెక్కకు వీపు ఆనించి గంగారాం తల్లి కూర్చుని ఉంది. రెండు చేతులూ చీర మడతల్లో దాచుకుంది. లేడీ డాక్టరు ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో ఇంకు ప్యాడు పట్టుకుని నిలబడింది. ఆమె నుదుటి మీద చెమట కారిపోతోంది. "రెండు గంటలు కూడా ఆగేటట్టు లేదు అయ్యగారూ. నిజామాబాద్ పంపే టైము కూడా లేదు. ఈమె సోమవారం మాపటిదాకా ఆగుమంటున్నది."

నన్ను రాధ దగ్గరికి పొమ్మంది. లోపలికి వెళ్లాను. ఇరవై ఏళ్లు కూడా లేవు ఆ పిల్లకు. పెదవులు కొరుక్కుని రక్తం వచ్చింది. నా మణికట్టు పట్టుకుంది, వదల్లేదు. తలుపు సగం తీసే ఉంది. బయట మాటలన్నీ మాకు వినబడుతున్నాయి.

"నువ్వే గదయ్యా చెప్పింది" అంటోంది అత్త. "గీ నాలుగు దినాలల్ల కాన్పు కావొద్దంటివి. నా కొడుకు ఒక్కడే. సముద్రం అవుతల ఉన్నడు. ఆడ వానికేమన్నయితే పీనుగు గూడ నా కండ్లకు కనవడదు."

"నేనే చెప్పిన అవ్వా. గా మాట తప్పు."

"ఎట్ల తప్పు? కాయితం మీద రాసిస్తివి."

"రాసిచ్చిన. తెలిసి రాయలే. మా నాయన చెప్తే ఇని రాసిన. నిజమా కాదా అని ఒక్కనాడు సూడలే. శని ఇల్లు ఏదో, ఆ ఇంట్ల ఎవలున్నరో నాకే ఇయ్యాల సక్కగ తెల్వదు. తెల్వనిదాని మీద నీ కోడలి పాణం పెట్టకు."

"అయితే నా కొడుకుకు ఏం గాదని చెప్పు. గీ తలుపు ముంగట నిలవడి చెప్పు."

ఏం కాదని చెప్పేస్తే అయిపోతుంది. రాధ వేళ్లు నా చర్మంలోకి దిగబడుతున్నాయి.

"చెప్పలేను" అన్నాడు అయ్యగారు. "అయితదని చెప్పుడే తప్పయినప్పుడు, కాదని ఎట్ల చెప్పాలె? రేపేమయితదో నాకు తెల్వదవ్వా. లోపల ఏమయితున్నదో డాక్టరమ్మకు తెలుసు."

"గప్పుడు తప్పు చెప్పినోనివి గిప్పుడు నిజం చెప్తున్నవని ఏం భరోసా?"

రాధ ఒక్కసారిగా తల ఎత్తింది. "అత్తా! నేను సచ్చిపోతనే అత్తా!" అని అరిచింది.

తలుపు సందులోంచి నేను చూశాను. అయ్యగారు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చక్కగా సంతకం చేయగల మనిషి, ఇంకు ప్యాడు అందుకుని తన బొటనవేలు అద్ది కాగితం కింద వేశాడు. "నీ ఒక్కదాని మీద ఎందుకుండాలె? ఏమన్నయితే నా మీద గూడ ఉంటది. ఇగ నీ వేలు వెయ్యి."

ఆమె ఆయన ముఖంలోకి చూస్తూనే ఉంది. తర్వాత చీర మడతల్లోంచి చెయ్యి మెల్లగా బయటికి తీసింది. డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని వేలుముద్ర తీసుకున్నదే తడవు, నన్ను బయటికి నెట్టి తలుపు వేసేసింది.

ఆ తర్వాతి గంట ఎలా గడిచిందో చెప్పలేను. బిడ్డ బయటికి వచ్చాక కూడా ఏడుపు వినబడలేదు. లోపల ఎవరో చరుస్తున్న చప్పుడు. అయ్యగారు గోడకు తలానించి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదలడం లేదు, అంటే ఏ మంత్రమూ చదవడం లేదు. చివరికి పిల్లి కూసినట్టు సన్నగా ఒక ఏడుపు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

రెండు నెలలు తిరగకముందే గల్ఫ్ నుంచి జాబు వచ్చింది. కట్టుబడి దగ్గర ఇనుప పైపు జారి గంగారాం కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. మరునాడే అతని తల్లి ఆర్మూర్ వచ్చింది. మా గల్లీ నడుమ నిలబడి, వంగి రెండు చేతులతో దుమ్ము ఎత్తి అయ్యగారి గుమ్మం మీద పోసింది. "గండమని చెప్పినోనివి, మళ్ల లేదని ఎందుకంటివి? నా కొడుకు చెయ్యి తెచ్చియ్యి!" అని ఏడ్చింది. అయ్యగారు గుమ్మంలోనే నిలబడ్డాడు. తలుపు వేసుకోలేదు. ఆమె అలిసిపోయి కూర్చుంటే అమ్మ నీళ్లు ఇచ్చింది. ఆమె తాగలేదు.

ఆ ముచ్చట ఊరంతా పాకింది. "అయ్యగారే తన మాట తప్పన్నడంట, అయినా చెప్పింది జరిగిందంట" అని ఒకరంటే, "శనితోని ఎగతాళా?" అని ఇంకొకరు. ఇంటికి వచ్చేవాళ్లు తగ్గారు, తర్వాత దాదాపు ఆగిపోయారు. "ఆమె తప్పేం లేదు టీచరమ్మా. ఆ భయం ఆమెకు పెట్టింది నేనే" అన్నాడు అయ్యగారు. ఆ వారం ఆయన ముఖం చూస్తే నాకు భయమేసేది. నిజంగానే తాను చెప్పిన మొదటి మాటే సరైనదేమో అన్న అనుమానం ఆయనను లోపల తినేస్తోంది. నాకది తెలుస్తూనే ఉంది.

ఒక పొద్దున ఇనుపపెట్టె తెరిచి పాత జాతకాల నకళ్లన్నీ బయట పోశాడు. తనవీ, తండ్రివీ. వాటిలో "తండ్రికి గండం" అని రాసినవి వేరే తీశాడు. "కూసోని ఆలోచిస్తే తేలదు. పోయి సూస్త" అన్నాడు.

అలా మొదలైంది ఆ తిరుగుడు. గొడుగు చంకలో పెట్టుకుని, జాతకాలు గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కేవాడు. సిరికొండ, బాల్కొండ, వాటి చుట్టూ పల్లెలు. ఇంటింటికీ పోయి, "మీ పిలగాడు పుట్టినప్పుడు మేము గిట్ల చెప్పినం. ఆ తర్వాత ఏమయింది?" అని అడిగేవాడు. కొందరు కుర్చీ వేశారు. కొందరు గుమ్మం బయటే మాట్లాడి పంపారు. ఒక ఊళ్లో కుక్కను వదిలారని దర్జీ చాచా తర్వాత చెప్పాడు. చిరిగిన ధోవతి కుట్టింది ఆయనే. చాలా ఇళ్లలో ఆ తండ్రులే ఎదురొచ్చి నీళ్లిచ్చారట. ఒక ఇంట్లో మాత్రం బిడ్డ మూడో ఏట తండ్రి పోయాడు. అది కూడా రాసుకున్నాడు. "మనకు పనికొచ్చేదే రాసుకుంటే ఇంతకుముందు చేసిన పనే గదా" అన్నాడు.

ఒక ఆదివారం నేనూ ఆయన వెంట మాక్లూర్ పోయాను. వాకిట్లో ఒక ముసలాయన పశువులకు గడ్డి వేస్తున్నాడు. గట్టి మనిషి. అయ్యగారు జాతకం తీసి పేరు చదివి, అడగవలసింది అడిగాడు. ముసలాయన గడ్డి కింద పడేసి చేతులు దులుపుకున్నాడు.

"నాకేం గాలే. సూస్తున్నవు గదా. నా మీద మన్ను వడ్డదా, రాయి వడ్డదా! పుట్టిన నాడే వాన్ని మేనమామ ఇంటికి పంపితిమి. పన్నెండేండ్లు మొకం సూడొద్దంటివి. సూడలే. పక్క ఊర్లనే ఉన్నడు, పండుగకు గూడ పిల్వలే. తర్వాత తెచ్చుకుంటే నన్ను 'నాయనా' అని గూడ పిల్వకపాయె. ఇప్పుడు బొంబయిల ఉంటడు. నేను సచ్చినా వస్తడో రాడో."

అయ్యగారు నిలబడ్డ చోటే ఉన్నాడు. సంచి చేతిలోంచి జారి కింద పడింది.

"నీ మీద కోపమని గాదయ్యా" అన్నాడు ముసలాయన కొంచెం మెత్తబడి. "మంచికే చెప్పినవనుకున్న. కానీ నాకు పాణం మిగిలింది, కొడుకు మిగల్లే."

తిరుగు బస్సులో అయ్యగారు కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్మూర్‌లో దిగాక, బస్టాండులో జనం నడుమ, "గ్రహం చేసిన చెడు నేను ఇంకా లెక్కతేల్చలే. నేను చేసింది మాత్రం కండ్లార సూసిన" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే.

ఏడాది తిరిగాక గంగారాం శాశ్వతంగా తిరిగి వచ్చాడని తెలిసింది. వస్తే ఏం చేస్తాడోనని గల్లీ అంతా గుసగుసలు. అమ్మ అయ్యగారిని కొన్నాళ్లు కూతురి దగ్గరికి పొమ్మంది. ఆయన పోలేదు. గంగారాం ఆర్మూర్‌లో బస్సు దిగాడన్న కబురు రాగానే దర్జీ చాచా మిషను ఆపి వచ్చి అయ్యగారి గుమ్మం పక్కన నిలబడ్డాడు. చేతిలో కత్తెర అట్లాగే ఉంది, పెట్టి రావడం మరిచాడు.

గంగారాం వచ్చాడు. ఎడమ చంకలో ఏడాది పిల్ల. కుడిచేతికి మూడే వేళ్లు. చాచా చేతిలో కత్తెర చూసి ఒక క్షణం ఆగి, పక్కనుంచి లోపలికి నడిచాడు. అయ్యగారు లేచి నిలబడ్డాడు.

"కొట్టాలనిపిస్తే కొట్టు గంగారాం. నేనేమన."

"ఏందయ్యా గా మాట?" అన్నాడు గంగారాం. "పైన పైపు మోస్తున్నోడు రెండు షిఫ్టులు పని చేసిండు. నిద్రమబ్బుల జారవిడిసిండు. వాడు గూడ పిల్లలు గలోడే, నా కాళ్లు వట్టుకొని ఏడ్సిండు. దాంట్ల నా బిడ్డ చేసిందేమున్నది? మా అవ్వకు గదే చెప్పిన. జర టైం పట్టింది, ఇప్పుడు బిడ్డను దించుతలేదు." పిల్లను చంకలో పైకి జరుపుకున్నాడు. "గా దినం నువ్వు పోకుంటే నేనొచ్చేసరికి ఇంట్ల ఇద్దరు లేకుందురు. నాకు రెండు వేళ్లు పోతే పోయినయి."

అనేసి తానే నవ్వాడు. చాచా కత్తెర జేబులో పెట్టుకోబోయి, పట్టక, వెనక్కి దాచుకున్నాడు.

గంగారాం పిల్లను బండల మీద దించి, "దీనికి జాతకం రాసియ్యి అయ్యగారూ" అన్నాడు.

"జాతకం రాయను. పుట్టిన తారీఖు, టైము రాసిస్త. బడిల ఏసేటప్పుడు పనికొస్తది."

ఆ రోజే ఒక తెల్లకాగితం మీద పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, సమయం రాసి ఇచ్చాడు. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. అలాంటి కాగితాలు ఆ తర్వాత చాలామందికి రాసిచ్చాడు.

ఆయన నాస్తికుడయ్యాడని అనుకోవద్దు. పసుపు విత్తనానికి, పెళ్లికి ముహూర్తం అడిగితే చివరిదాకా చెప్పాడు. మెల్లగా జనం మళ్లీ వచ్చారు. గండం అన్న మాట మాత్రం మళ్లీ ఆయన నోటి నుంచి రాలేదు. ఎవరైనా తరచి అడిగితే, "నాకు తెల్వదు" అని నేరుగా అనేవాడు. ఆ మాట అనడం నేర్చుకోవడానికి అరవై ఏళ్లు పట్టిందని నాతో అన్నాడు. ఇంగ్లీషు పుస్తకంలో మకరం దగ్గర, కుంభం దగ్గర ఆయన అప్పట్లో పెన్సిలుతో గీసిన ప్రశ్నార్థకాలు ఇంకా అలాగే ఉన్నాయి. తొంభైలలో నాకు జగిత్యాల బదిలీ అయ్యాక కూడా ఎప్పుడు వెళ్లినా అడిగేవాడు: "కుంభానికి మాలిక్ ఎవలో తేలిందా టీచరమ్మా, మీ ఇంగ్లీషోళ్లు ఏమన్న రాసిండ్రా?" తేలలేదంటే తృప్తిగా తలాడించేవాడు. "ఎవలైతేంది. ఉండెటోళ్లు మనుషులే గదా."

మా స్కూల్లో ఏ పిల్ల పుట్టినతేదీ రిజిస్టర్లో రాస్తున్నా నాకు ఆయన గుర్తొస్తాడు. ఏదైనా ఖాయంగా చెప్పబోయే ముందు నోరు ఒక్క క్షణం ఆగుతుంది. అది ఆయన నాకిచ్చింది.

ఆఖరుసారి ఆయనను చూసింది పోయిన వానాకాలం. వద్దన్నా వినకుండా నన్ను బస్సెక్కించడానికి బస్టాండుకు వచ్చాడు. సన్నగా తుంపర. కాల్చిన మక్కకంకులు అమ్మే ఆమె దగ్గర రెండు కొన్నాడు, ఒకటి నాకిచ్చాడు. పళ్లు చాలా వరకు పోయాయి, కొరకలేడు. బల్ల మీద కూర్చుని గింజ గింజా గోటితో వలిచి అరచేతిలో పోసుకుని, రెండేసి నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాడు. నా బస్సు కదిలింది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. తల వంచుకుని, ఇంకా వలుస్తూనే ఉన్నాడు, అరచేతిలోని గింజల మీద వాన పడకుండా రెండో చెయ్యి కప్పుకుంటూ.